మా అత్తమ్మను నేను అమ్ముకోలే

మా అత్తమ్మను మునగాలల అమ్ముకొని వచ్చిన్నని మా ఆఫీసుల ఒక ముచ్చట తిరుగుతున్నది. మీరు గూడ వినే ఉంటరు. అమ్ముకోలే. మర్చిపోయి వచ్చిన, అంతే. పైగా ఒట్టి చేతులతోని రాలే, ఆమెకు బదులు ఇంకో ముసలామెను తోలుకొచ్చిన. చాయ్ చెప్పిన్రు గదా, కూసోండ్రి. అసలు సంగతి ఒక్కసారి నా నోటితోని వినుండ్రి. తర్వాత ఎంత నవ్వుకుంటరో నవ్వుకోండ్రి, నాకేం ఫరక్ పడది.

నా సంగతి మీకు తెలుసు. సూర్యాపేటల గుమాస్తా పని. అప్పట్ల నేను నడిచేటోణ్ణి గాదు, ఉరికేటోణ్ణి. చాయ్ నిలబడి తాగేది. క్షవరానికి కూసుంటె గూడ చేతిగడియారం దిక్కే చూసేది. బజార్ల ఎవరన్న "బాగున్నవా" అంటె, "ఆఁ" అనేసరికి వాళ్ళను దాటి పది అడుగులు పోయేది. ఎందుకింత తొందర అని ఎవరన్న అడిగితె, పని ఉన్నది అనేది. ఏం పని అంటె నాకే సరిగ్గ తెల్వదు.

పెండ్లయి ఎనిమిది నెలలు. మా అత్తగారి ఊరు పెన్‌పహాడ్. అత్తమ్మ పేరు నర్సమ్మ. వాళ్ళింట్ల ఒక పద్ధతి ఉన్నది. అల్లుని ముంగట అత్త నెత్తిమీది కొంగు తియ్యది, మాట్లాడది. ఏదన్న చెప్పాల్నంటె తలుపు ఎనక నిలబడి మా సుశీలతోని చెప్పిస్తది. "ఇంకింత అన్నం పెట్టాల్నా అడుగు బిడ్డా." "పులుసు మంచిగున్నదా అడుగు బిడ్డా." నేను మంచం మీద కూసొని "మంచిగున్నది" అని గోడకు చెప్పేది. ఎనిమిది నెలల్ల ఆమె మొహం నేను సరిగ్గ చూడలే. పెండ్లిల చూసే ఉంట, గాని ఆ గుంపుల ఎవరు ఎవరో ఎవనికి తెలుసు. నాకు అత్తమ్మ అంటె ఒక చీర, ఒక కొంగు, తలుపు సందునుంచి ఒక గొంతు.

ఇగ అసలు సంగతి. మా వదినె, అంటె సుశీల అక్క, కోదాడల ఉంటది. ఆమెకు మూడో కాన్పు, మొగపిల్లగాడు. ఇరువయ్యొక్కటోనాడు తొట్టెల చేస్తమని కబురొచ్చింది. సుశీల నాలుగు రోజుల ముందే పనిసాయానికి పోయింది. అమ్మమ్మ లేకుంట పిల్లగాన్ని తొట్టెల వెయ్యరు గద, అత్తమ్మను తోలుకొచ్చే పని నాకు పడ్డది. పెన్‌పహాడ్ నుంచి బండి కట్టుకొని ఆమె సూర్యాపేటకొచ్చింది. ఆకుపచ్చ చీర, నెత్తిమీద కొంగు, చేతుల తెల్లగుడ్డ మూట. పొద్దున్నే బస్సెక్కినం. ముహూర్తం పదకొండు గంటలకు. ఆమె ఆడోళ్ళ సీట్ల కూసున్నది, నేను ముందట డ్రైవరు పక్కన. ఎందుకంటె ముందట కూసుంటె ముందే చేరుతననుకునేటోణ్ణి అప్పట్ల.

మునగాలల బస్సు ఆగింది. అక్కడ తాటికమ్మల పందిరి కింద ఒక హోటలున్నది, రాములమ్మ అనే ఆమె నడుపుతది. డ్రైవరు బజ్జీలు చెప్పి బల్ల మీద కూసున్నడు. ఆడోళ్ళు కొందరు దిగిన్రు. నేను దిగి, గడియారం చూసుకుంట, కండక్టరు దగ్గరికి పోయిన.

"పదకొండుకు ముహూర్తం ఉన్నది. జర తొందరగ తియ్యండ్రి."

"డ్రైవరు తింటున్నడు సార్. తిననియ్యరా?" అన్నడు కండక్టరు.

నేను పోయి డ్రైవరు నెత్తిమీద నిలబడ్డ. ఒక మనిషి ఎదురుంగ నిలబడి గడియారం చూస్తుంటె ఎవడు తింటడు. సగం బజ్జీ ఆకుల ఇడిసిపెట్టి లేచిండు. నా దిక్కు చూసిన చూపు ఇప్పటికీ యాదికున్నది. ఎక్కి హారన్ కొట్టుడు షురూ చేసిండు. నేను ఇటు తిరిగి చూస్తె, పందిరి పక్కన అరుగు మీద ఆకుపచ్చ చీర, నెత్తిమీద కొంగు, ఒళ్ళె తెల్లగుడ్డ మూట.

"అత్తమ్మా, లేవుండ్రి. బస్సు పోతున్నది" అని మూట నేనే అందుకున్న.

ఆమె ఏదో అన్నది. హారన్ల వినబడలే. లేచి నా ఎంబడి వచ్చి, బస్సెక్కి, ఆడోళ్ళ సీట్ల కూసున్నది. ఐదు నిమిషాలు మిగిలినయని నేను ఖుషీగ ముందట కూసున్న.

కోదాడల దిగి రిక్షా మాట్లాడి ఆమెను, మూటను ఎక్కిచ్చిన. నేను ఎక్కలే. రిక్షా మెల్లగ పోతదని దానికంటె ముందు నేను నడిచి పోయిన. పోయి, మా వదినె వాళ్ళ ఇంటి ముంగట నిలబడి, "వచ్చినం. ఇంకా గంట టైమున్నది" అని గొప్పగ చెప్పిన.

సుశీల కాళ్ళకు నీళ్ళు పట్టుకొని గుమ్మంలకు వచ్చింది. రిక్షా ఆగింది. ముసలామె దిగింది. సుశీల చెంబు పట్టుకొని అట్లనే నిలబడ్డది.

"అమ్మేది?" అన్నది.

"గీమె ఎవరు మరి?"

"నన్నడుగుతున్నరా? ఎవరిని తోలుకొచ్చిన్రు మీరు?"

"మీ అమ్మనే."

"మా అమ్మ నాకు తెల్వదా?"

అంతట్ల ముసలామె కొంగు ఎనకకు ఏసి, కండ్లు చిన్నగ చేసి, ఇంటిని కిందినుంచి మీదికి చూసింది. "ఏం వెంకటయ్యా, పెద్ద ఇల్లే కట్టినవ్ గద" అన్నది.

నా పేరు వెంకటయ్య గాదు. ఇల్లు నాది గాదు. కాళ్ళ కింద భూమి గూడ నాది గానట్టే ఉండె ఆ గడియల.

మా వదినె అత్తగారిది అటు జగ్గయ్యపేట దిక్కు. ఆమె బైటికొచ్చి, "ఎవరండీ ఈవిడ? మా వియ్యపురాలేరీ?" అని మెత్తగ అడిగింది. ఆ మెత్తదనానికే నాకు చెమటలు పట్టినయి.

అరుగు మీద కూసోబెట్టి, మంచినీళ్ళిచ్చి అడిగితె సంగతి తెలిసింది. ఆమె పేరు సాయమ్మ. మునగాల పక్క పల్లె. సచ్చిపోయిన అన్న కొడుకు వెంకటయ్య కోదాడల రైసుమిల్లుల పనిచేస్తడు. మేనత్తను కొన్నాళ్ళు తన దగ్గర ఉంచుకుంటనని, ఆ రోజు పొద్దున్నే వచ్చి తోలుకపోతనని కబురు పంపిండు. ఆమె అతన్ని చిన్నప్పుడు చూసిందే, ఇప్పుడు చూపు సరిగ్గ ఆనది. అరుగు మీద కూసొని ఎదురుచూస్తుంటె, ఒకడు వచ్చి "అత్తమ్మా, లేవుండ్రి" అని మూట అందుకున్నడు. మేనల్లుడు గూడ అత్తమ్మ అనే పిలుస్తడు గద.

"అండ్రి గిండ్రి అంటె, కోదాడకు పోయినంక మర్యాద నేర్చిండనుకున్న బిడ్డా" అన్నది సాయమ్మ.

మా సడ్డకుడు, అంటె వదినె మొగడు, గోడ దిక్కు తిరిగి నవ్వుతున్నడు. సుశీల నవ్వలే.

"మా అమ్మకు చదువు రాదు. కోదాడ ఎటుంటదో తెల్వదు. టికెట్ పైసలు గూడ మీ దగ్గరనే ఉండె. ఎట్ల ఇడిసొచ్చిన్రు?"

"కొంగు కప్పుకొని ఉంటె ఎట్ల గుర్తుపడుత సుశీలా?"

"కొంగు కింద చేతులుండవా? నడక ఉండదా? పోయినప్పుడల్ల మీకు వండిపెట్టిన చేతులు. ఒక్కసారన్న చూసిన్రా?"

నేను గడియారం చూసుకున్న.

మునగాల దిక్కు పోయే బస్సుకు గంటన్నర ఉన్నది. అంతసేపు నేను ఆగుతనా? రోడ్డు మీదికి ఉరికి, చెయ్యెత్తి, తవుడు బస్తాల లారీ ఒకటి ఆపిన. సాయమ్మను డ్రైవరు పక్కన ఎక్కిచ్చి, ఆ పక్కన నేను ఇరుక్కున్న. లారీ డ్రైవరు పెద్దమనిషి, పేరు మౌలాలి. నేను "జల్ది పోనియ్యి భాయ్" అన్న. ఆయన "బండి నిండ ఉన్నది సాబ్, ఇది ఉరకది" అన్నడు.

ఉరకకపోవుడే గాదు, అడుగడుక్కూ ఆగింది. సాయమ్మకు ఆ తొవ్వ పొడుగూత తెలిసినోళ్ళే. చూపు ఆనకున్నా గొంతులు గుర్తుపడతది. ఒక దగ్గర కల్లంల పనిచేసే ఆమె "సాయక్కా" అని పిలిచిందని లారీ ఆపిచ్చింది. ఆమె కోడలికి జరమట, తగ్గిందా లేదా తెలుసుకునేదాక కదలనియ్యలే. ఇంకో దగ్గర బావి కాడ ఒక ముసలాయనకు తన మూటలనుంచి రెండు పొగాకు కాడలు తీసి ఇచ్చింది. నేను గడియారం చూసుకుంట పండ్లు నూరుతున్న.

"అవ్వా, మా అత్తమ్మ గాడ ఒక్కతే ఉన్నది" అన్న.

"ఒక్కతే ఎట్లుంటది బిడ్డా? మునగాలల మనుషులు లేరా?" అన్నది.

ఆ తొవ్వల నేను నూరుసార్లు పోయిన. ఆ బావి ఉన్నట్టు నాకు ఆ రోజే తెలిసింది.

ఆ బావి కాడి ముసలాయనే మాకు కబురు చెప్పిండు. "మునగాలల గడబిడగ ఉన్నది మౌలాలీ. తెల్లంగి ఏసుకున్నోడు ఎవడో పొద్దున ఒక ముసల్దాన్ని బస్సుల ఎత్తుకపోయిండట. వాని కోసం చూస్తున్నరు."

సాయమ్మ పొగాకు కట్ట మూటల పెట్టుకుంట, "పాపం, ఎవలి తల్లో" అన్నది.

మౌలాలి నా అంగీ దిక్కు చూసిండు. తెల్లది. గేరు మార్చిండు.

మునగాలల లారీ ఆగుడే ఆలస్యం, పందిరి కిందినుంచి ఇరువై మంది లేచిన్రు. సాగరు కాలువ తవ్వే కూలీలు, పొద్దటి బువ్వకు వచ్చినోళ్ళు. గడ్డపారలు పక్కనే ఉన్నయి. ముందట ఒక బలమైన మనిషి, నెత్తినిండ తవుడు దుమ్ము. ఆయనే వెంకటయ్య. వచ్చి నా కాలరు పట్టుకున్నడు.

"మా అత్తమ్మ ఏది?"

"లారీల ఉన్నది. మా అత్తమ్మ ఏది?" అన్న నేను. ధైర్యంగ అన్నననుకోకండ్రి, గొంతు పిల్లి అరిచినట్టు వచ్చింది.

సాయమ్మను దిగుమంటె, ఆమె తొందరపడే మనిషా. ముందు మూట సదురుకున్నది. తర్వాత మౌలాలితోని ఆయన పిల్లల సంగతి ఒకటి సగంల ఉన్నదట, అది పూర్తి చేసింది. అంతసేపు నా కాలరు వెంకటయ్య చేతులనే ఉన్నది. గుంపుల ఒకడు గడ్డపార ఈ చేతులనుంచి ఆ చేతులకు మార్చుకున్నడు.

అప్పుడు పొయ్యి కాడినుంచి ఒకామె గరిటె పట్టుకొని వచ్చింది. ఆకుపచ్చ చీర, కొంగు నడుముకు చెక్కుకున్నది, నెత్తి మీద ఏం లేదు. చేతులకు శనగపిండి. గుంపును పక్కకు జరిపి, "ఆయనను ఇడువుండ్రి. మా అల్లుడు" అన్నది.

తలుపు సందు గొంతే. గాని ఇంత గట్టిగ ఉంటదని నాకు తెల్వది.

"నీ అల్లుడేనా నిన్ను ఇడిసిపెట్టి పోయింది?" అన్నడు వెంకటయ్య.

"ఇడిసిపెట్టలే. సూడలే. ఆయనకు సూసే టైము ఉండది."

వెంకటయ్య చెయ్యి తీసిండు. ఆమె నా ఎదురుంగ వచ్చి నిలబడ్డది.

"సూడు బిడ్డా. ఇది నా మొహం. మంచిగ సూస్కో. ఇగ నీ ముంగట కొంగు కప్పుకోను. కప్పుకుంటె నష్టం నాకే అయితున్నది."

చూసిన. గడ్డం మీద పచ్చబొట్టు చుక్క. ముక్కుకు రెండు దిక్కులా పుడకలు. కండ్లు అచ్చం సుశీల కండ్లు. పొయ్యి సెగకు మొహం ఎర్రగయ్యి ఉన్నది. ఎనిమిది నెలలు ఆమె చేతి బువ్వ తిన్న మనిషిని, ఇరువై మంది కూలీల ముంగట ఆ మొహం మొదటిసారి చూస్తున్న. దండం పెడుదామనిపించింది, పెట్టిన. నవ్వుతరని తెలుసు, నవ్విన్రు.

"బస్సు వచ్చే టైమయింది. పోదాం పాండ్రి అత్తమ్మా" అన్న.

"యాడికి? సగం మందే తిన్నరు" అన్నది.

సంగతేందంటె, బస్సు పోయినప్పుడు ఆమె హోటలు ఎనక కాళ్ళు కడుక్కుంటున్నదట. వచ్చేసరికి బస్సు లేదు. ఏడవలే, లొల్లి పెట్టలే. రాములమ్మ దగ్గర కూసున్నది. రాములమ్మకు ఆ పొద్దున్నే నూనె చింది చెయ్యి బొబ్బలెక్కి ఉండె. ఒక్క చేత్తోని ఆమె పిండి కలుపుతుంటె చూడలేక, మా అత్తమ్మ కొంగు నడుముకు చెక్కి పొయ్యి ముంగట కూసున్నది. తర్వాత బస్సుల వెంకటయ్య దిగి మేనత్త కోసం వెతుకుతుంటె, తెల్లంగి అల్లుని సంగతి బైటపడ్డది. వెంకటయ్య కోపంగ ఉంటె, "వస్తడు, ఆగు. ఎంత ఉరికి పోయిండో అంత ఉరికి వస్తడు" అని రెండు బజ్జీలు చేతుల పెట్టి ఆయనను కూసోబెట్టిందట.

ఇగ నేనేం చెయ్యాలె. నిలబడి ఉంటె రాములమ్మ, "సార్, ఉత్తగ నిలబడుడెందుకు, గా నీళ్ళ బిందె ఇటు తెండ్రి" అన్నది. తెచ్చిన. తర్వాత ఆకులు వెయ్యమన్నరు. వేసిన. గడియారానికి పప్పు అంటుతున్నదని తీసి జేబుల పెట్టుకున్న. వంగి ఆకులు వేస్తుంటె మనుషుల మొహాలు కనబడతయి, ఇష్టమున్నా లేకున్నా. గడ్డపార మార్చుకున్న మనిషిది మోతె. పేరు లచ్చయ్య. "గట్టిగ పట్టుకున్నడా మావోడు?" అని నా మెడ దిక్కు చూసి అడిగి, పక్కకు జరిగి నాకు జాగ ఇచ్చిండు. అందరు తిన్నంక మేం తిన్నం. వేడి బువ్వ, టమాట పప్పు, చల్లారిన బజ్జీలు. ఆకలిగొని తిన్ననో, కూసొని తిన్ననో గాని, అట్లాంటి బువ్వ నేను మళ్ళ తినలే.

పదకొండు గంటలు ఎప్పుడు దాటిందో తెల్వది. సాయమ్మ, వెంకటయ్య, అత్తమ్మ, నేను, నలుగురం కలిసి అన్ని ఊర్లల్ల ఆగే బస్సుల కోదాడకు పోయినం. పొద్దుగూకంగ పిల్లగాన్ని తొట్టెల వేసిన్రు. మా వదినె అత్తగారు ముహూర్తం పోయిందని మూతి ముడుచుకున్నది. "పిల్లగానికి ముహూర్తం ఏం తెలుసమ్మా. నిద్రొస్తుందా లేదా, గదే సూడాలె" అన్నది మా అత్తమ్మ. కొంగు భుజం మీదనే ఉన్నది. పెన్‌పహాడ్ల ఉన్న మా మామకు తెలిస్తె ఏమంటడో అని సుశీల భయపడ్డది. తెలిసినంక గూడ ఆయన ఏమనలే. అంటె అత్తమ్మ వినే మనిషి గాదని ముప్పై ఏండ్ల కిందనే తెలుసుకున్నడట.

అయ్యింది గిదే. ఇందుల అమ్ముకునుడు ఏడున్నది?

ఇగ ఆఫీసుల సంగతి. కథ నాకంటె ముందు ఆఫీసుకు చేరింది. "ఏమయ్యా, ఈసారి ఎవరి అత్తను తెస్తున్నవ్?" అని ఒకడు, "మాకొక అత్తను చూసిపెట్టు" అని ఒకడు. నవ్వనీ. నేను మాత్రం ఆ రోజునుంచి చాయ్ కూసొని తాగుతున్న. కోదాడకు పోతె అన్ని ఊర్లల్ల ఆగే బస్సే ఎక్కుత. మునగాలల దిగి రాములమ్మ చెయ్యి ఎట్లున్నదో అడిగి, తర్వాతి బస్సుకు పోత. బల్ల ముంగటికి ఎవరన్న కాయితం పట్టుకొని వస్తె తల ఎత్తి చూస్త, పేరడుగుత, ఏ ఊరో అడుగుత. మొన్న మా పెద్దసారు పిలిచి, "పనిల స్లో అయినవట" అన్నడు. "అయిన సార్" అన్న. "స్లో అయినంక కనబడ్డది. పెన్‌పహాడ్ రైతు ఒకాయన కాయితం కోసం ఐదుసార్లు తిరిగిండు. ఐదుసార్లు తల ఎత్తకుంట రేపు రమ్మన్నది నేనే. ఆరోసారి మొహం చూసిన. కాయితం నా బల్ల సొరుగులనే ఉన్నది." పెద్దసారు కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు. మెమో ఇస్తడనుకున్న. ఇయ్యలే. ఇచ్చినా తీసుకుందును.

గాని ఒక మాట చెప్పాలె. ఇది గూడ నాకు అంత సక్కగ వస్తలేదు.

పోయిన ఆదివారం మిర్యాలగూడల మా సుశీల పెద్దనాయిన మనుమరాలి పెండ్లి. సుశీల, అత్తమ్మ ముందే పోయిన్రు. నేను మెల్లగ, ఏ తొందర లేకుంట పోయిన. పందిరిల అడుగుపెట్టుడుతోనే ఒక్కొక్కరిని పలకరించుకుంట పోయిన. పెద్దోళ్ళకు దండం పెట్టిన. పేర్లు అడిగిన, మొహాలు చూసిన, ఎవరికెంతమంది పిల్లలో అన్నీ తెలుసుకున్న. ఒక పెద్దాయన మోకాలి నొప్పి గురించి చెప్తుంటె అరగంట విన్న. అక్షింతలు వేసిన. వడ్డనకు మనుషులు తక్కువున్నరంటె అంగీ చేతులు మడిచి రెండు పంక్తులకు సాంబారు వడ్డించిన. ఒకాయన నా పని చూసి మెచ్చుకొని, దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకున్నడు.

"మీలాంటి మనిషి ఇంట్ల ఉండాలె. మీరు ఏ తరపు?" అన్నడు.

"పెండ్లిపిల్ల తరపు. పిల్ల నాయినకు నేను బాగ దగ్గరోణ్ణి" అన్న.

"పిల్ల నాయినను నేనే" అన్నడు ఆయన.

మా పెండ్లి అవతలి గల్లీలనట. ఆయన ఏమనుకున్నడో గాని, నా చేతిల బకెటు తీసి పక్కకు పెట్టి, కూసొని తినుమన్నడు. సిగ్గుపడి లేచి ఉరుకుతననుకుంటున్నరా? కూసున్న. పెరుగు బువ్వ దాక తిన్న. వాళ్ళ పెద్దబిడ్డకు వచ్చే నెల సీమంతమట, తప్పకుంట రమ్మన్నరు. పోత.